డెబ్బై దాటాక టీకా ఒంటికి పడుతుందా?

ప్రశ్న: డాక్టరుగారూ, మా నాన్నగారికి 76 ఏళ్లు, అమ్మకు 70. ఇద్దరూ తెనాలిలో మా దగ్గరే ఉంటారు. నాన్నకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది, మాత్రలతో చాలావరకు అదుపులోనే ఉంటుంది. ఈమధ్య పరీక్షలకు తీసుకెళ్తే డాక్టరు ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా, వీలైతే అక్కి రాకుండా వేసే టీకా వేయించమన్నారు. ఇంటికొచ్చి చెబితే మా బాబాయి, ‘ఈ వయసులో టీకాలు ఒంటికి పట్టవు, డబ్బు దండగ’ అన్నారు. నాన్న ఆ మాటే పట్టుకున్నారు. ఆయన చూపించే సాక్ష్యాలు మూడు. కోవిషీల్డ్ వేసినప్పుడు మా అందరికీ రెండు రోజులు జ్వరం వచ్చింది, ఆయనకు చెయ్యి నొప్పి కూడా లేదు. తర్వాత ల్యాబులో యాంటీబాడీ పరీక్ష చేయిస్తే నాకంటే ఆయనకు అంకె బాగా తక్కువ వచ్చింది. గత ఏడాది ఫ్లూ టీకా వేయించుకున్నా వానాకాలంలో జ్వరంతో మంచం పట్టారు. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలేమో అక్కడ పెద్దవాళ్లకు ఎక్కువ మోతాదు ఫ్లూ టీకా ఉంది, అక్టోబరులో ఇద్దరూ వస్తారు కదా, అప్పుడే వేయిద్దాం అంటోంది. వయసు మీద పడితే టీకా నిజంగా పనిచేయదా? మమ్మల్ని ఏం చేయమంటారు?
— ఒక కూతురు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ బాబాయిగారు గాలిలోంచి తెచ్చిన మాట కాదది. వయసు పెరిగేకొద్దీ టీకాకు ఒంటి స్పందన తగ్గుతుందన్నది వైద్యులందరికీ తెలిసిన విషయమే. తప్పల్లా దాని నుంచి ఆయన తీసిన తీర్మానంలో ఉంది. స్పందన తగ్గుతుంది కాబట్టే పెద్దవాళ్లకు ఏ రకం టీకా వేయాలి, ఏ నెలలో వేయాలి, ఎన్ని డోసులు వేయాలి అన్నది చిన్నవాళ్లకంటే జాగ్రత్తగా చూసుకోవాలి. మీ డాక్టరు చెప్పిన మూడూ సరైనవే. నాన్నగారి మూడు సాక్ష్యాలకూ విడివిడిగా జవాబు రాస్తున్నాను, ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించండి.

ముందు ఒంట్లో ఏం మారుతుందో చూద్దాం. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన, థైమస్ అనే మెత్తని గ్రంథి ఉంటుంది. టీ కణాలనే తెల్ల రక్తకణాలు ఎముక మజ్జలో పుట్టి, ఇక్కడికి చేరి, ఏది మన శరీరం, ఏది పరాయిది అని తేల్చుకోవడం నేర్చుకుంటాయి. అంతకుముందు ఎన్నడూ ఎదురుపడని సూక్ష్మజీవిని పట్టుకోగలిగే కొత్త టీ కణాలు ఇక్కడి నుంచే బయలుదేరాలి. ఈ గ్రంథి చిన్నతనంలో చురుగ్గా పనిచేస్తుంది. యుక్తవయసు వచ్చేసరికే కుంచించుకుపోవడం మొదలవుతుంది. అరవై దాటేసరికి అందులో చాలా భాగం కొవ్వుగా మారిపోయి ఉంటుంది. మీ నాన్నగారి ఒంట్లో ఇప్పుడు తిరుగుతున్న టీ కణాల్లో ఎక్కువ భాగం దశాబ్దాల కిందట తయారైనవి, లేదా వాటి నుంచి పుట్టుకొచ్చినవి.

పాత శత్రువుల విషయంలో ఆ కణాలు దిట్టలు. ముప్ఫై ఏళ్లుగా ఒకే ఊళ్లో ఉత్తరాలు పంచిన పోస్ట్‌మ్యాన్ పాత వీధుల్లో ఏ ఇల్లు ఎవరిదో తలెత్తి చూడకుండానే చెబుతాడు. నిన్నగాక మొన్న వెలిసిన కాలనీలో మాత్రం ఒకటికి రెండుసార్లు అడగాల్సి వస్తుంది. వయసు మళ్లిన రోగనిరోధక వ్యవస్థ తీరు అలాంటిదే. పాత జ్ఞాపకం ఎంత గట్టిదో చెప్పే పరిశోధన ఒకటి 2008లో నేచర్ పత్రికలో వచ్చింది. 1918లో ప్రపంచమంతటినీ, మన దేశాన్ని మరీ ఘోరంగా, ఊడ్చేసిన ఇన్‌ఫ్లుయెంజా కాలంలో పిల్లలుగా ఉండి బతికి బయటపడిన 32 మంది రక్తాన్ని పరీక్షించారు. అప్పటికి వాళ్ల వయసు 91 నుంచి 101 ఏళ్లు. అందరి రక్తంలోనూ ఆనాటి వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు దొరికాయి. నాకు ఈ పరిశోధన ఎంతో ఇష్టం. ముసలితనంలో రోగనిరోధక శక్తి మొత్తం ఆరిపోతుందనేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

చిక్కు వచ్చేది కొత్తవాటితో. టీకా వేసిన కొన్నాళ్లకు కొందరికి చంకలో బిళ్ల కడుతుంది, మీరు చూసే ఉంటారు. అసలు పని జరిగేది ఆ బిళ్లలోనే, అంటే లింఫు గ్రంథిలో. అక్కడ బీ కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలు యాంటీబాడీలను తయారుచేస్తూ, వారాల తరబడి వాటికి పదును పెడుతూ పోతాయి. ఆ పనికి ఒక రకం టీ కణాల తోడు కావాలి. వయసుతో ఆ తోడు తగ్గుతుంది. అందుకే పెద్దవాళ్లలో యాంటీబాడీలు కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువగా తయారవుతాయి. తయారైనవి కూడా త్వరగా తగ్గిపోతాయి. వీటికి మరో రెండు కారణాలు తోడవుతాయి. వయసు మీద పడ్డాక ఒంట్లో ఎప్పుడూ సన్నగా వాపు ప్రక్రియ నడుస్తూ ఉంటుంది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ 2000లో దీనికి ‘ఇన్‌ఫ్లమేజింగ్’ అని పేరు పెట్టారు. రెండోది సైటోమెగలోవైరస్. మన దేశంలో పెద్దవాళ్లలో చాలా ఎక్కువ మందికి ఇది చిన్నప్పుడే సోకి, ఏ లక్షణమూ లేకుండా ఒంట్లో ఉండిపోతుంది. దాన్ని అణచి ఉంచడానికే, పాత శత్రువులను గుర్తుంచుకునే జ్ఞాపక టీ కణాల్లో సగటున పదో వంతు దాకా కేటాయించాల్సి వస్తోందని లెక్క.

ఇదంతా అంకెల్లో ఎలా కనిపిస్తుందంటారా? హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకున్న నలభై ఏళ్లలోపు ఆరోగ్యవంతుల్లో 90 శాతానికి పైగా రక్షణ వస్తుంది. అరవై ఏళ్ల దగ్గరికొచ్చేసరికి అది 75 శాతం. ఫ్లూ టీకా విషయంలో తేడా ఇంకా ఎక్కువ. యువకుల్లో 70 నుంచి 90 శాతం పనిచేసేది, పెద్దవాళ్లలో 17 నుంచి 53 శాతమే పనిచేస్తుందని 2006లో ప్రచురితమైన ఒక సమీక్ష అంచనా వేసింది. అయితే 76 ఏళ్లవాళ్లందరూ ఒకలా ఉండరు. పొద్దున్నే పెరట్లో మొక్కలకు నీళ్లు పోసి, బజారుకు నడిచి వెళ్లొచ్చే మనిషి ఒంటి స్పందన, అరవై ఆరేళ్లకే కండ కరిగి మంచానికి అతుక్కుపోయిన మనిషి కంటే మెరుగ్గా ఉండవచ్చు.

ఇక్కడే ఒక చిన్న లెక్క చేయాలి. మీ బాబాయిగారు చేయనిది ఇదే. మాటవరసకు, వెయ్యిమంది పాతికేళ్లవాళ్లలో ఫ్లూతో ఆసుపత్రి పాలయ్యేది ఒక్కరనుకుందాం. వెయ్యిమంది డెబ్బై అయిదేళ్లవాళ్లలో పదిమంది అనుకుందాం. టీకా చిన్నవాళ్లలో 80 శాతం పనిచేసినా అక్కడ ఒక్కరిని కూడా పూర్తిగా తప్పించలేదు. పెద్దవాళ్లలో 40 శాతమే పనిచేసినా నలుగురు ఆసుపత్రి మెట్లెక్కరు. నేనిక్కడ వాడినవి ఊహాంకెలే, కానీ తర్కం అసలైనదే. జబ్బు ముప్పు ఎక్కువున్నచోట, తక్కువ రక్షణ కూడా ఎక్కువమందిని కాపాడుతుంది. పైగా ఫ్లూ అంటే జ్వరం, దగ్గు మాత్రమే కాదు. కెనడాలోని ఒంటారియో పరిశోధకులు 2018లో తేల్చినదాని ప్రకారం, ఫ్లూ అని నిర్ధారణ అయిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే ఆరు రెట్లు ఉంటుంది. షుగరున్న 76 ఏళ్ల మనిషికి ఈ మాట చాలా ముఖ్యం.

ఇక నాన్నగారి మొదటి సాక్ష్యం, జ్వరం రాకపోవడం. జ్వరం, ఒళ్లునొప్పులు, చెయ్యి వాపు, ఇవన్నీ టీకా పడగానే ఒంట్లో మొదట మేలుకునే కణాల హడావుడి. యాంటీబాడీలు తయారయ్యేది ఆ తర్వాత, లింఫు గ్రంథుల్లో. మొదటిది గట్టిగా లేనంత మాత్రాన రెండోది జరగలేదని కాదు. దీనికి నాన్నగారు వేయించుకున్న టీకా మీదే రుజువుంది. మనం కోవిషీల్డ్ అని పిలిచేది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఆస్ట్రాజెనెకా కలిసి రూపొందించిన టీకా. 2020 నవంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చిన దాని పరీక్షా ఫలితాల్లో 18-55, 56-69, 70 దాటినవారు అని మూడు జట్లున్నాయి. జ్వరం, నొప్పులు పెద్దవాళ్లలో తక్కువగా కనిపించాయి. రెండో డోసు తర్వాత యాంటీబాడీలు మాత్రం మూడు జట్లలోనూ దాదాపు సమానంగా వచ్చాయి. కాబట్టి చెయ్యి నొప్పి లేకపోవడం నాన్నగారికి కలిసొచ్చిన విషయం, అంతే.

రెండో డోసు అన్నాను కాబట్టి ఇంకో మాట. కేంబ్రిడ్జి పరిశోధకులు 2021లో ఫైజర్ టీకా వేయించుకున్నవారిని చూసినప్పుడు, 80 దాటినవాళ్లలో చాలామందికి మొదటి డోసుతో చాలినంత రక్షణ రాలేదు. రెండో డోసు పడ్డాక పరిస్థితి మారిపోయింది. పెద్దవాళ్ల విషయంలో ‘ఒకటి వేయించాం కదా, చాల్లే’ అనే మాట పనికిరాదు. రెండు డోసుల టీకా అయితే రెండూ వేయించి తీరాలి.

రెండో సాక్ష్యం, ల్యాబు అంకె. ఆ పరీక్ష చేయించకుండా ఉండాల్సింది. ఇంత అంకె దాటితే రక్షణ ఉన్నట్టు, అంతకు తగ్గితే లేనట్టు అని కోవిడ్ విషయంలో ఒప్పుకున్న గీత ఏదీ లేదు. ఒక్కో ల్యాబు ఒక్కో రకం కిట్ వాడుతుంది, అంకెలు ఒకదానితో ఒకటి పోల్చడానికి వీల్లేదు. పైగా ఆ పరీక్ష రక్తంలో ఆ రోజు తిరుగుతున్న యాంటీబాడీలను మాత్రమే లెక్కపెడుతుంది. మజ్జలోనూ లింఫు గ్రంథుల్లోనూ నిలిచి ఉండే జ్ఞాపక కణాలు, టీ కణాలు దానికి కనబడవు. జబ్బు ముదరకుండా ఆపడంలో వాటి పాత్ర చాలా పెద్దది. ఇకముందు ఫ్లూకైనా, న్యుమోనియాకైనా టీకా తర్వాత ఇలాంటి పరీక్షల జోలికి వెళ్లకండి. ఆ డబ్బు టీకాలకే పనికొస్తుంది.

మూడో సాక్ష్యం, ఫ్లూ టీకా వేయించుకున్నా వచ్చిన జ్వరం. దీనికి జవాబు చెప్పేముందు నేనే మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడగాలి. ఆ జ్వరం ఫ్లూయేనని పరీక్షలో తేలిందా? వానాకాలంలో మన ఊళ్లలో డెంగీ తిరుగుతుంది, టైఫాయిడ్ తిరుగుతుంది, ఫ్లూ కాని జలుబు వైరస్‌లు అరడజను తిరుగుతాయి. ఫ్లూ టీకా వీటిలో దేన్నీ ఆపదు, ఆపుతుందని ఎవరూ చెప్పలేదు. రెండోది, టీకా ఏ నెలలో వేయించారు? చలికాలం ముందు, అంటే అక్టోబరులోనో నవంబరులోనో వేయించి ఉంటే, జులై, ఆగస్టు వచ్చేసరికి దాని బలం చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. ఇది పెద్దవాళ్లలో మరీ వేగంగా జరుగుతుంది. ఒకవేళ అది ఫ్లూయే అయినా, ఆసుపత్రిలో చేర్చామని మీరు రాయలేదు కాబట్టి నాన్నగారు ఇంట్లోనే కోలుకున్నట్టున్నారు. టీకా నుంచి ఈ వయసులో మనం ముఖ్యంగా ఆశించేది కూడా అదే.

మన ప్రాంతంలో ఫ్లూ వానాకాలంలోనే విజృంభిస్తుంది, చలికాలంలో మళ్లీ కొంత తల ఎత్తుతుంది. టీకా వేసిన రెండు వారాలకు గాని రక్షణ కుదురుకోదు. అందుకని మే చివర, జూన్ మొదట్లో వేయించడం మేలు. మందుల షాపులో పాత సరుకు అంటగట్టకుండా, ఆ ఏటి కొత్త టీకాయేనా అని అడిగి మరీ తీసుకోండి. వైరస్ ఏటా రూపం మార్చుకుంటుంది కాబట్టి టీకా కూడా మారుతుంది. నిరుటిది ఈ ఏటికి లెక్కలోకి రాదు.

మీ చెల్లెలు చెప్పిన ఎక్కువ మోతాదు టీకా నిజమే. మామూలు టీకాలో ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల పదార్థం ఉంటే, అందులో 60 ఉంటుంది. అమెరికాలో 2009లో అనుమతి పొందింది. 2014లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, 65 దాటిన దాదాపు 32 వేలమందిలో, మామూలు టీకాతో పోలిస్తే ఫ్లూ కేసులు మరో 24 శాతం తగ్గాయి. 2022 నుంచి అక్కడ 65 దాటినవారికి ఇలాంటి బలమైన రకాలకే మొదటి ప్రాధాన్యం ఇస్తున్నారు. అదే సమయంలో 2025లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఫలితం కూడా చెప్పాలి. మూడు లక్షలకు పైగా వృద్ధులను రెండు జట్లుగా చేసి చూస్తే, ఫ్లూతోనో న్యుమోనియాతోనో ఆసుపత్రిలో చేరడంలో రెండు టీకాల మధ్య స్పష్టమైన తేడా తేలలేదు. ఎక్కువ మోతాదుది దొరికితే మంచిదే, దానికోసం వానాకాలమంతా ఖాళీ చేతులతో గడపడం మంచిది కాదు. జూన్‌లో ఇక్కడ మామూలు టీకా వేయించండి. అక్టోబరులో న్యూజెర్సీ చేరాక, అక్కడి చలికాలం కోసం ఎక్కువ మోతాదుది మళ్లీ వేయించవచ్చు. మధ్యలో నెలలు గడిచి ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. అక్కడ 75 దాటినవారికి ఆర్‌ఎస్‌వీ అనే ఊపిరితిత్తుల వైరస్‌కు కూడా ఒక్క డోసు టీకా సిఫారసు చేస్తారు, నాన్నగారికి వేయించే సంగతి అక్కడి డాక్టరును అడగమని మీ చెల్లెలికి చెప్పండి. సందర్శకుల బీమా ఇలాంటి ముందుజాగ్రత్త టీకాలకు సాధారణంగా వర్తించదు. ఖర్చు ఎంతవుతుందో ముందే కనుక్కుంటే మంచిది.

న్యుమోనియా టీకాలో రకం చూసుకోవడం ముఖ్యం. ఈ టీకా అడ్డుకునేది న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియాను. దాని చుట్టూ చక్కెర పదార్థంతో చేసిన తొడుగు ఉంటుంది. ఈ బ్యాక్టీరియాలో 23 రకాలకు పనికొచ్చే పాత టీకాలో ఆ తొడుగు ముక్కలే ఉంటాయి. వాటికి టీ కణాల సాయం దొరకదు కాబట్టి గట్టి జ్ఞాపకం మిగలదు. అదే ముక్కను ఒక ప్రొటీన్‌కు తగిలించి ఇస్తే టీ కణాలు కదులుతాయి. వీటిని కాంజుగేట్ టీకాలంటారు. రెండేళ్లలోపు పసిపిల్లలకు మొదటి రకం పనిచేయదనే ఈ పద్ధతి కనిపెట్టారు, అదే పెద్దవాళ్లకూ కలిసొచ్చింది. నెదర్లాండ్స్‌లో 65 దాటిన 84 వేలకు పైగా మందితో చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. 13 రకాల కాంజుగేట్ టీకా, ఆ రకాల వల్ల వచ్చే న్యుమోనియాను దాదాపు 46 శాతం, రక్తంలోకి పాకే తీవ్రమైన జబ్బును 75 శాతం తగ్గించింది. నాన్నగారికి 20 రకాల కాంజుగేట్ దొరికితే ఒక్క డోసుతో సరిపోతుంది. 13 లేదా 15 రకాలది వేస్తే, కనీసం ఏడాది ఆగి 23 రకాలది ఇంకొకటి వేయించాలి. ఏది వేశారో చీటీ మీద రాయించుకోండి.

అక్కి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. దీన్ని మన ఇళ్లలో ఇంకా చిన్నచూపు చూస్తున్నారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్ తగ్గాక ఎక్కడికీ పోదు, వెన్ను పక్క నరాల ముడుల్లో దాక్కుంటుంది. దాన్ని అక్కడే అణచి ఉంచేది టీ కణాలు. వయసుతో వాటి పట్టు సడలగానే ఒక నరం వెంట బయటికి వస్తుంది. నడుముకో, రొమ్ముకో ఒక పక్కగా, పట్టీ కట్టినట్టు నీటిబుడగలు. నా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి ఒంటి మీద ఎండి పగిలిన ఎర్రమట్టి పూత ఉంటుంది. అక్కి రాయించుకుని, తగ్గుతుందని వారం చూసి వస్తారు. చొక్కా తగిలితే ఓర్చుకోలేక, గుడ్డను వేళ్లతో ఒంటికి దూరంగా ఎత్తిపట్టుకుని కూర్చుంటారు. బుడగలు మాడిపోయాక కూడా నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి ఆ మంట ఉండిపోతుంది. వైరస్ మందు 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఎర్రమట్టి కోసం పోయిన ఆ వారం తిరిగి రాదు.

వయసుకు తగ్గట్టు టీకాను మార్చుకుంటే ఏమవుతుందో అక్కి టీకా చరిత్రలోనే ఉంది. మొదటి టీకా బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసింది. 2005లో వచ్చిన అధ్యయనంలో అది మొత్తం మీద 51 శాతం పనిచేసింది. అరవైల్లో ఉన్నవారిలో 64 శాతం, 70 దాటితే 38 శాతమే. మీ బాబాయిగారి మాటకు ఇది అచ్చమైన ఉదాహరణ. పరిశోధకులు అక్కడ ఆగలేదు. వైరస్‌లోని ఒక్క ప్రొటీన్‌ను తీసుకుని, రోగనిరోధక వ్యవస్థను గట్టిగా మేల్కొలిపే సహాయక పదార్థాన్ని కలిపారు. అందులో ఒక భాగం దక్షిణ అమెరికాలో చిలీ దేశపు క్విల్లాయా చెట్టు బెరడు నుంచి తీసిన సాపోనిన్. మన కుంకుడుకాయ నురగకు కారణమైన పదార్థాల కుటుంబమే ఇది. ఈ కొత్త టీకా 2015లో, 50 దాటినవారిలో 97 శాతం, మరుసటి ఏడాది వెలువడిన ఫలితాల్లో 70 దాటినవారిలో సుమారు 90 శాతం రక్షణ ఇచ్చింది. అదే వయసువాళ్లు, అదే తగ్గిన థైమస్. మారింది టీకా. షింగ్రిక్స్ పేరుతో ఇది 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. రెండు డోసులు, మధ్య రెండు నుంచి ఆరు నెలల ఎడం. సజీవ వైరస్ లేదు కాబట్టి షుగరున్నవారికీ భయం లేదు. దీనికి మాత్రం చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం రావచ్చని నాన్నగారికి ముందే చెప్పండి, లేకపోతే రెండో డోసుకు రానంటారు. ధర వేలల్లోనే ఉంటుంది. మన దేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమం పిల్లలకు, గర్భిణులకే పరిమితం కాబట్టి వృద్ధుల టీకాల ఖర్చంతా ఇంటి మీదే పడుతోంది. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఒకేసారి అన్నీ భరించడం కష్టమైతే ఫ్లూ, న్యుమోనియా ముందు, అక్కిది తర్వాత వేయించండి.

ధనుర్వాతం సంగతి కూడా ఓసారి డాక్టరును అడగండి. చిన్నపిల్లల టీకాల కార్యక్రమం మన దేశంలో 1978లో మొదలైంది. నాన్నగారి తరం చిన్నప్పుడు ఆ డోసులు పడని తరం.

స్పందన పెంచుకోవడానికి ఇంట్లో ఏమైనా చేయవచ్చా అని మీరు అడగలేదు కానీ, అందరూ అడుగుతారు. ‘ఇమ్యూనిటీ’ అని పేరు పెట్టి అమ్మే పొడులు, కషాయాలు కొనకండి. టీకాకు ముందు రెండు మూడు రాత్రులు బాగా నిద్రపోనివ్వండి, నిద్ర కరువైనవారిలో యాంటీబాడీలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. బర్మింగ్‌హామ్ పరిశోధకులు 2016లో 65 దాటినవారికి కొందరికి ఉదయం, కొందరికి మధ్యాహ్నం ఫ్లూ టీకా వేసి చూస్తే, మూడు రకాల వైరస్‌లలో రెండింటికి ఉదయం జట్టుకే యాంటీబాడీలు ఎక్కువ వచ్చాయి. తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. అయినా ఉదయం వెళ్లడంలో నష్టమేమీ లేదు, ఎండ కూడా తప్పుతుంది. షుగరు అదుపులో ఉంటే మంచిదే, కానీ అంకె బాగుపడ్డాక వేయిద్దామని నెలలు వాయిదా వేయకండి. జ్వరం రాకముందే పారాసిటమాల్ వేయనక్కర్లేదు. స్టెరాయిడ్ మాత్రలు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. పెద్దవాళ్ల భుజం కండ పలచగా ఉంటుంది, సూది గుచ్చేటప్పుడు చెయ్యి బిగపట్టకుండా ఒళ్లో వదులుగా పెట్టుకోమనండి.

మీ ఉత్తరమంతా నాన్నగారి గురించే ఉంది. అమ్మగారికి 70 ఏళ్లు, ఈ టీకాలన్నీ ఆమెకూ వర్తిస్తాయి. మన ఇళ్లలో మగవారి మందుల పెట్టె చూసే మనిషికి తన ఒంటి సంగతి చూసేవారు ఉండరు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1996లో, మతిమరుపు జబ్బుతో ఉన్న భర్తకో భార్యకో ఏళ్ల తరబడి సేవ చేస్తున్న వృద్ధులకు ఫ్లూ టీకా వేసి చూశారు. అదే వయసున్న, ఆ బరువు లేనివారికంటే వాళ్లకు స్పందన తక్కువ వచ్చింది. అమ్మగారి నిద్ర, విశ్రాంతి గురించి కూడా ఆలోచించండి.

మీరూ, మీవారూ, పిల్లలూ కూడా ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. పెద్దవాళ్లకు జబ్బు ఎక్కువగా అంటించేది ఇంట్లోని పిల్లలే. జపాన్‌లో 1962 నుంచి బడిపిల్లలకు మూకుమ్మడిగా ఫ్లూ టీకాలు వేశారు, 1994లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఆ కాలపు మరణాల లెక్కలు తిరగేసిన పరిశోధకులు 2001లో చెప్పినదేమిటంటే, పిల్లలకు టీకాలు పడినన్నాళ్లూ చలికాలపు మరణాలు తగ్గాయి, ఆపేశాక మళ్లీ పెరిగాయి. ఆ ప్రాణాల్లో ఎక్కువ భాగం వృద్ధులవే. తన టీకా సగమే పనిచేస్తుందని నాన్నగారు బెంగపడుతుంటే, మిగతా సగం మనవల చేతికి వేసే టీకా నుంచి కొంతైనా వస్తుందని చెప్పండి.

ఇక పని మొదలుపెట్టండి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఒకే రోజు చెరో చేతికి వేయించవచ్చు. వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి. అక్కి టీకా మొదటి డోసుకు ఒక నెల తర్వాత వెళ్లండి, రెండో డోసు అమెరికా ప్రయాణానికి ముందే పూర్తవుతుంది. టీకా పేరు, ఎన్ని రకాలది, తేదీ, బ్యాచ్ నంబరు రాయించిన చీటీని నాన్నగారి షుగరు ఫైలులో పెట్టి, ఫొటో తీసి చెల్లెలికి పంపండి. అక్కడి డాక్టరు మొదట అడిగేది ఆ వివరాలే.